ఐసీయూ వైఫై అందరిదీ కాదు

సిస్టర్లకు, టెక్నీషియన్లకు, డాక్టర్లకు నమస్కారం. డ్యూటీలు సర్దుకుని మరీ నెల్లూరు, ఒంగోలు ఆసుపత్రుల నుంచి వచ్చారు, చాలా సంతోషం.

నేను చెప్పడానికి వచ్చింది ఒక్కటే. ఐసీయూలో మానిటర్లు, మందును కొలత ప్రకారం ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపులు వాడుకునే వైఫై, బయట హాల్లో పేషెంట్ బంధువులు యూట్యూబ్ చూసుకునే వైఫై ఒకటి కాకూడదు. ఆక్సిజన్ పైపులైను నుంచి ఎవరడిగినా పక్క కనెక్షన్ ఇవ్వం కదా, దీన్నీ అలాగే చూడాలి.

ముందు సిగ్నల్ సంగతి. నెల్లూరులో ఆసుపత్రులుండే మన పొగతోటే తీసుకోండి. ఆసుపత్రి గోడకు ఆనుకుని ఇంకో ఆసుపత్రి, కింద మందుల షాపు, పైన ల్యాబ్, ప్రతిచోటా ఒక రూటర్. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు మూడే: 1, 6, 11. వీధి వీధంతా ఆ మూడింట్లోనే సర్దుకోవాలి. బ్లూటూత్ అక్కడే, క్యాంటీన్‌లో మైక్రోవేవ్ ఓవెనూ అక్కడే. అందుకే అన్ని బెడ్లనూ ఒకేచోట చూపించే సెంట్రల్ స్టేషన్ తెరమీద ఉన్నట్టుండి ఒక బెడ్ ఈసీజీ గీత ఆగిపోతుంది, కాసేపటికి దానంతటదే వస్తుంది. రాత్రి డ్యూటీలో ఇలా పదే పదే అవుతుంటే, నిజంగా లేచి వెళ్లాల్సిన సారి కూడా ‘వైఫై పోయిందిలే’ అనిపిస్తుంది. అది సిస్టర్ల నిర్లక్ష్యం కాదు, అలా అలవాటు చేసింది మనం పెట్టిన నెట్‌వర్క్. నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే. పరికరానికి 5 గిగాహెర్ట్జ్ సదుపాయం ఉంటే అదే వాడండి. ఛానళ్లు ఎక్కువ దొరుకుతాయి. గోడలు దాటే శక్తి తక్కువ కాబట్టి యాక్సెస్ పాయింట్లు, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు, దగ్గర దగ్గరగా పెట్టుకోవాలి.

సిగ్నల్ అడ్డొస్తే ఏమవుతుందో చూడండి. 1998లో అమెరికాలోని డల్లాస్‌లో ఒక టీవీ స్టేషన్ డిజిటల్ ప్రసారాన్ని పరీక్షిస్తే, బేలర్ ఆసుపత్రిలో గుండె రోగుల టెలిమెట్రీ, అంటే ఈసీజీని వైర్లు లేకుండా పంపే ఏర్పాటు, దెబ్బతింది. ఆ తర్వాత 2000లో అక్కడి ప్రభుత్వం వైద్య టెలిమెట్రీకి విడిగా ఫ్రీక్వెన్సీలు కేటాయించింది.

ఇక కరెంటు. తుపాను రోజుల్లో మన జిల్లాల్లో ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మానిటర్‌కు బ్యాటరీ ఉంటుంది, సెంట్రల్ స్టేషన్‌కు యూపీఎస్ ఉంటుంది. మెట్ల కింద పెట్టెలో ఉన్న నెట్‌వర్క్ స్విచ్‌కు? జనరేటర్ అందుకునేలోపు అది ఒక్కసారి ఆరిందంటే, మళ్లీ పూర్తిగా లేవడానికి నిమిషాలు పడుతుంది. లైట్లు వచ్చేశాయి, ఏసీ వచ్చేసింది, బెడ్లు మాత్రం తెరమీదకు రావు. ఆ చిన్న స్విచ్‌కీ, యాక్సెస్ పాయింట్లకీ యూపీఎస్ ఇప్పించండి.

బయటివాళ్లు చొరబడే ప్రమాదమూ ఊహ కాదు. 2015లో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే అమెరికా ఎఫ్‌డీఏ, హోస్పిరా కంపెనీ సింబిక్ ఇన్ఫ్యూజన్ పంపులు వాడటం ఆపమని ఆసుపత్రులకు సూచించింది. ఆసుపత్రి నెట్‌వర్క్‌లోంచి ఆ పంపును అదుపులోకి తీసుకుని డోసు మార్చే వీలుందని తేలింది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగితే రోజుల తరబడి ఓపీ పనులు చేతిరాతతో నడిపారు. మరి మన కౌంటర్ అద్దానికి సర్జికల్ టేపుతో అంటించిన కాగితం మీద వైఫై పాస్‌వర్డ్‌గా ఏముంటుంది? ఆసుపత్రి పేరు, పక్కన 123.

పరికరాలకు విడి నెట్‌వర్క్ పెట్టి, ఒక్కో పరికరానికి దాని సొంత సర్టిఫికెట్, అంటే నెట్‌వర్క్‌కు చూపించే డిజిటల్ గుర్తింపు కార్డు లాంటిది, ఇవ్వండి. ఒకటి పోయినా దాన్ని మాత్రమే తీసేయొచ్చు, అన్నిటికీ పాస్‌వర్డ్ మార్చే పని ఉండదు. పాత పంపులు అమ్మేటప్పుడు మెమరీ చెరిపించండి, వైఫై పాస్‌వర్డ్ అందులోనే ఉండిపోతుంది.

వెళ్లాక ఈ పరీక్ష చేయండి. పేషెంట్లు లేని వార్డులో ఒక మానిటర్, ఒక పంపు ఆన్ చేసి, అక్కడి యాక్సెస్ పాయింట్ ఆపండి. పంపు ఆగకూడదు. మానిటర్ అలారం బెడ్ దగ్గర మోగాలి. కనెక్షన్ పోయిందని సెంట్రల్ స్టేషన్‌లో శబ్దం రావాలి. వీటిలో ఏది జరక్కపోయినా రాసిపెట్టుకుని, ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) కాగితం మీద సంతకం పెట్టకముందే కంపెనీ ఇంజనీర్‌ను అడగండి, జవాబు లిఖితపూర్వకంగా తీసుకోండి.