గాలికి అడ్డం నిలబడ్డవాడికీ ఓ సర్టిఫికెట్

అధ్యక్షులవారికి, క్లబ్ పెద్దలకు, తెల్లారకుండానే సైకిళ్ళేసుకుని వచ్చిన పిల్లలకు నమస్కారం. శాలువాల సంగతి తర్వాత చూద్దాం, టిఫిన్లు చల్లారిపోతున్నాయి.

నన్ను మాట్లాడమన్నది బెల్జియంలో 2025 దాకా బ్రూజ్–డి పాన్ పేరుతో జరిగిన సైకిల్ రేసు గురించి. 1977 నుంచీ మూడు రోజులు జరిగే పోటీని 2018లో ఒక్కరోజుకి మార్చారు. ఆడవాళ్ళ రేసు కూడా ఆ ఏడాదే మొదలైంది. సముద్రం ఒడ్డు, బల్లపరుపు నేల, సుమారు 200 కిలోమీటర్లు. కొండల్లేవు కదా, చివర్లో స్ప్రింటు, అంటే గీత దగ్గరి ఆఖరి పరుగు, చూస్తే చాలు అంటారు టీవీ ముందు కూర్చున్నవాళ్ళు. నిజమే, వివియాని, సామ్ బెన్నెట్, ఫిలిప్సెన్ లాంటి స్ప్రింటర్లే ఎక్కువగా గెలిచారు. కానీ గాలి లేచిన రోజు చూడాలండీ!

అక్కడ డి మూరెన్ అని ఓ ప్రాంతం ఉంది. ఒకప్పుడు చిత్తడి, నీళ్ళు తోడేసి పొలాలు చేశారు. సముద్రమట్టం కన్నా పల్లం. చెట్టూ చేమా తక్కువ, పక్కన కాలవ, దారి తిన్నగా పోతుంది. ఎడమ నుంచి గాలి కొట్టిందనుకోండి, గాలి తగలకుండా ముందువాడి చాటు నేరుగా వెనక దొరకదు, కుడివైపు కాస్త వెనగ్గా దొరుకుతుంది. అందుకని కొంగల బారులా ఏటవాలుగా సర్దుకుంటారు. రోడ్డు వెడల్పుకి పది పదిహేను మందే పడతారు. ఆ తర్వాతివాడికి చాటు లేదు, రోడ్డు అంచు తెల్లగీత మీద ఒంటరిగా తొక్కాలి. వాడి చక్రానికీ ముందు చక్రానికీ మధ్య రెండు మీటర్లు ఖాళీ వచ్చిందా, వాడూ వాడి వెనకున్న వందమందీ అయిపోయారు.

2015లో ఆ చుట్టుపక్కల జరిగిన గెంట్–వెవెల్గెమ్ అనే మరో రేసు వీడియో ఒక్కసారి చూడండి. గెరెంట్ థామస్ అనే బ్రిటన్ రైడర్‌ని గాలి సైకిల్‌తో సహా రోడ్డు పక్కకి ఎత్తేసింది. లేచి, దుమ్ము దులుపుకుని, మళ్ళీ ఎక్కి మూడో స్థానంలో వచ్చాడు. గెలిచింది ఇటలీవాడు పావోలీని, 38 ఏళ్ళవాడు. చివరిదాకా వచ్చినవాళ్ళు 39 మంది. మిగతావాళ్ళు దారిలోనే దిగిపోయారు.

సరే, అసలు విషయానికి వస్తాను. 2020లో డి పాన్ రేసు అక్టోబరులో జరిగింది, గాలి ఉధృతంగా ఉంది. లాంపెర్ట్ అనే బెల్జియం రైడర్ గెలిచాడు. ఆయన జట్టులోనే టిమ్ డిక్లెర్క్ అని ఒకాయన. ముద్దుపేరు ట్రాక్టర్. గంటల తరబడి ముందుండి గాలి మింగడమే ఆయన ఉద్యోగం. వెనక చాటున ఉన్నవాడికి మూడో వంతు శ్రమ తప్పుతుంది, ఆ శ్రమంతా ట్రాక్టర్‌దే. ఆ రోజు మాత్రం ఆయన కూడా పోడియం, అంటే మొదటి ముగ్గురూ నిలబడే బహుమతి మెట్టు, ఎక్కాడు. చప్పట్లు కొట్టండి, ఏం, ఆయనకి కొట్టకూడదా?

ఎందుకింత చెబుతున్నానంటే, నేనూ కుర్రతనంలో కాకినాడ–ఉప్పాడ రోడ్డు మీద ట్రాక్టర్‌నే. జిల్లా పోటీలో స్నేహితుణ్ణి నా చాటున ఉంచి సముద్రం గాలికి ఎదురు తొక్కాను. వాడు గెలిచాడు, సర్టిఫికెట్ వచ్చింది, దాంతో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగమూ వచ్చింది. నేను నిర్వాహకుల దగ్గరికెళ్ళి, పాల్గొన్నట్టయినా ఓ కాగితం ఇప్పించండి సార్ అన్నాను. మొదటి ముగ్గురికే అన్నారు. వాడి మీద నాకు కోపం లేదు. వాడు మంచివాడే, మొదటి జీతంతో నాకు చొక్కా కుట్టించాడు. కోపం ఆ కాగితం మీద. ఆ మాట చెబితే మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

కార్యదర్శిగారూ, సంక్రాంతి తర్వాత మీరు పెట్టబోయే బీచ్ రోడ్డు రేసు కరపత్రం చూశాను. బహుమతులు మళ్ళీ మూడే ఉన్నాయి. జట్లుగా పేర్లు రాయించుకోండి, గెలిచిన జట్టులో అందరికీ సర్టిఫికెట్ ఇవ్వండి. అచ్చు ఖర్చు నాది. ఇప్పుడే, ఈ మైకులోనే ఒప్పుకున్నానని చెప్పండి, ఆ తర్వాతే టిఫిన్‌కి లేస్తాను.