రెండు వేల సీసాలకు పావు లీటరు

అందరికీ నమస్కారం.

నా చేతిలోని ఈ సీసా చూడండి. లీటరు నీళ్లు. ఆకుపచ్చగా ఉంది కాబట్టి బోలెడంత నాచు ఉందనిపిస్తుంది. ఆరబెట్టి తూస్తే అర గ్రాము. కోట్ల కొద్దీ క్లోరెల్లా (ఒకే కణం ఉండే నాచు) కణాలు కలిస్తే ఆ అర గ్రాము.

దీంతో బండి నడుస్తుందా అంటే, నడుస్తుంది. పొద్దున దించిన కల్లు మధ్యాహ్నానికి ఎందుకు పులుస్తుందో మీకు తెలుసు. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్ వదులుతుంది. ఆ ఆల్కహాలే, అంటే ఇథనాలే, బండికి ఇంధనం. నాచులో ఉన్నది చక్కెర కాదు, పిండి (స్టార్చ్). అన్నాన్ని కాసేపు నమిలితే తీపి తగులుతుందే, అది పిండిని చక్కెరగా విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైమ్ పని, మన లాలాజలంలోనే ఉంటుంది. అలాంటి ఎంజైమే ఇక్కడా కావాలి, కాకపోతే ముందు కణం గోడ పగలగొట్టాలి. గడ్డికి గట్టిదనమిచ్చే లిగ్నిన్ పీడ దీనికి లేదు, అదొక అదృష్టం.

ఇక లెక్క. కిలో ఎండు నాచులో 400 గ్రాముల పిండి ఉందనుకుందాం. నీటిని కలుపుకుని విడిపోతే అది 444 గ్రాముల గ్లూకోజ్. 180 గ్రాముల గ్లూకోజ్‌కు 92 గ్రాముల ఇథనాల్, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. (ఆ గ్యాస్‌ను తిరిగి నాచు తొట్టిలోకి పంపితే మేతవుతుంది.) నష్టాలు పోను మనకు దక్కేది సుమారు పావు లీటరు ఇథనాల్. అందుకు ఇలాంటి సీసాలు రెండు వేలు కావాలి, అంటే రెండు టన్నుల నీళ్లు!

ఈస్ట్ గురించి గంటలు గంటలు మాట్లాడతాం గానీ, నన్నడిగితే అసలు తలనొప్పి ఈ నీళ్లే. నాచును నీళ్ల నుంచి వేరుచేసే సెంట్రిఫ్యూజ్ యంత్రంలో గిరగిరా తిప్పితే కరెంటు బిల్లు మోత. నీళ్లు పూర్తిగా తీయకుండా పులియబెడితే ఆల్కహాల్ పలుచన, అప్పుడు బట్టీలో ఇంధనం దండగ.

ఇంకో చిక్కుంది. నత్రజని తగ్గిస్తే నాచు పిండి దాచుకుంటుంది, కానీ ఎదగడం మానేస్తుంది. ముందు బాగా పెంచి, తర్వాత పస్తు పెట్టాలి. పిండి పగలు పోగవుతుంది, రాత్రి కరుగుతుంది. నేను ఒకసారి నాచు ముద్దను రాత్రంతా బల్ల మీద వదిలేశాను. తెల్లారేసరికి పిండి సగానికి పడిపోయింది, పైగా కంపు. ఆ వారం పనంతా గంగపాలు.

ఇథనాల్ ఒక్కటే దారి కాదు. క్లోస్ట్రిడియం అనే బ్యాక్టీరియా బ్యూటనాల్ ఇస్తుంది, అదీ ఇంధనంగా పనికొచ్చే ఆల్కహాలే. మొదటి ప్రపంచ యుద్ధంలో వైజ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ జాతి బ్యాక్టీరియాతోనే పేలుడు మందుకు కావాల్సిన అసిటోన్ చేయించాడు, అప్పుడు బ్యూటనాల్ పక్క సరుకు!

ఈ సీసా నేను ఉదయం ఆరింటికి నింపాను. సాయంత్రం ఆరింటికి అదే తొట్టి నుంచి ఇంకొకటి నింపుతాను. రంగు పోయేదాకా రెండిటినీ స్పిరిట్‌లో వేడి చేసి, పిండిని నల్లబరిచే అయోడిన్ చుక్క వేద్దాం. ఏది ఎక్కువ నల్లబడుతుందో మీరే చెప్పండి. ల్యాబ్ రెండో అంతస్తులో.