చదివేది ఇంగ్లీషులో, చెప్పేది తెలుగులో

(అమెరికాలో వైద్యవిద్య ప్రవేశ పరీక్ష ఎమ్‌క్యాట్‌కు సిద్ధమవుతున్న తెలుగు విద్యార్థులు, వారి తల్లిదండ్రులు కలిసిన సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం ఇంత మంచి ఎండ కాస్తుంటే అది వదులుకుని వచ్చి ఇక్కడ కూర్చున్నారు. మీ ఇళ్లలో ఈ పరీక్ష గురించి ఎంత ఆందోళన ఉందో నాకు తెలుసు కనుక నేరుగా విషయంలోకి వస్తాను.

నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు. "కెమిస్ట్రీ, బయాలజీ బాగానే చేస్తోందండీ, ఆ చదివే సెక్షన్‌లోనే దెబ్బ తింటోంది" అంటారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఇక్కడే పుట్టి పెరిగింది కదా, ఇంగ్లీషులో మార్కులు పోవడమేమిటి?" అని అడుగుతారు. పక్కనే ఆ అమ్మాయి తల వంచుకుని కూర్చుని ఉంటుంది. దయచేసి ఆ ప్రశ్న ఇంకెప్పుడూ అడగకండి. అది ఇంగ్లీషు పరీక్ష కాదు. ఎదుటి మనిషి చెప్పినదాన్ని మన మాట కలపకుండా వినగలమా లేదా అని చూసే పరీక్ష. ఇంట్లో ఇంగ్లీషు తప్ప మరో భాష వినపడని అమెరికన్ పిల్లలు కూడా ఇందులో తడబడతారు.

పెద్దవాళ్ల కోసం పరీక్ష స్వరూపం రెండు మాటల్లో చెబుతాను. ఈ భాగాన్ని ఇదివరకు వెర్బల్ రీజనింగ్ అనేవారు. 2015లో పరీక్షను మార్చినప్పుడు పేరు కూడా మారింది, ఇప్పుడు క్రిటికల్ అనాలిసిస్ అండ్ రీజనింగ్ స్కిల్స్ అంటారు, పిల్లలు పొట్టిగా కార్స్ అంటున్నారు. 90 నిమిషాల్లో 9 ప్యాసేజీలు చదివి 53 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. ఒక్కో ప్యాసేజీలో 500 నుంచి 600 మాటలుంటాయి. దాదాపు సగం సాహిత్యం, తత్వం, చిత్రకళ, సంగీతం, భవన నిర్మాణం వంటి విషయాలు. మిగతా సగం చరిత్ర, ఆర్థికం, రాజకీయాలు, సమాజం. స్కోరు 118 నుంచి 132 వరకు ఉంటుంది. పరీక్షలోని మిగతా మూడు భాగాలకు సిలబస్ ఉంది, దీనికి లేదు. జవాబుకు కావలసినదంతా ఆ ప్యాసేజీలోనే ఉంటుంది. దీన్ని చిన్నచూపు చూడకండి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వైద్యవిద్య ప్రవేశాలకు ఎమ్‌క్యాట్‌లో ఈ ఒక్క భాగం స్కోరునే తీసుకుంటుంది.

ఈ హాల్లో ఉన్న తల్లిదండ్రుల్లో చాలామంది ఎంసెట్ రాసినవారే. ఆ రోజుల్లో మనకు తెలిసిన విద్య ఒకటే. ప్రశ్న చూడగానే చదివింది గుర్తుకు రావాలి. ఇప్పటి నీట్ కూడా అంతే, 180 ప్రశ్నలూ భౌతిక, రసాయన, జీవశాస్త్రాల నుంచే వస్తాయి. అక్కడ తెలిసి ఉండటమే బలం. అదే అలవాటు మన ఇళ్ల నుంచి పిల్లలకు వచ్చింది. వాళ్లు ప్యాసేజీని పాఠంలా చదువుతారు. పేర్లు, సంవత్సరాలు, నిర్వచనాలు బుర్రలోకి ఎక్కించుకుంటారు. చివరికి వచ్చేసరికి అన్నీ గుర్తుంటాయి, రాసినవారు అసలు ఏమన్నారో మాత్రం తెలియదు. ఈ పరీక్షలో మనకు బయట తెలిసిన సంగతే మనల్ని తప్పు జవాబు వైపు లాగుతుంది.

"చదవడం నెమ్మది, అదే సమస్య" అనేవారు కూడా ఉన్నారు. లెక్క వేసి చూడండి. ఒక్కో ప్యాసేజీకి పది నిమిషాలు వస్తాయి. అందులో నాలుగు నిమిషాలు చదవడానికి పెట్టుకుంటే, 600 మాటలకు నిమిషానికి 150 మాటలు. మామూలుగా మాట్లాడుకునే వేగం అంతే ఉంటుంది. మీలో ఎవరైనా అంతకన్నా వేగంగానే చదువుతారు. మరి సమయం ఎక్కడ పోతోంది? మొదటిసారి అర్థం కాకుండా చదివి మళ్లీ మొదటికి వెళ్లడంలో పోతోంది. రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడటంలో పోతోంది. వేగంగా చదవడం నేర్పిస్తామనే కోర్సులకు డబ్బు కట్టకండి.

మరి ఏం చేయాలి? మన బడుల్లో పద్యం ఎలా చెప్పేవారో గుర్తు తెచ్చుకోండి. ముందు ప్రతిపదార్థం, తర్వాత తాత్పర్యం. ప్రతిపదార్థం తెలిసినంత మాత్రాన తాత్పర్యం తెలిసినట్లు కాదని మన పంతుళ్లకు తెలుసు. ఈ సెక్షన్‌లో తక్కువ స్కోరు వచ్చే పిల్లలు ప్రతిపదార్థం దగ్గరే ఆగిపోయినవాళ్లు.

తాత్పర్యాన్ని ఎలా పట్టుకోవాలన్నది మీమాంసకులు, వేదాంతులు శతాబ్దాల కిందటే ఆలోచించారు. ఒక గ్రంథం తాత్పర్యాన్ని నిర్ణయించడానికి వాళ్లు ఆరు గుర్తులు చెప్పారు. ఎత్తుగడ, ముగింపు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తున్నాయి? ఏ మాట మళ్లీ మళ్లీ వస్తోంది? ఇంకెక్కడా లేని కొత్త సంగతి ఏం చెబుతున్నారు? దానివల్ల కలిగే ఫలం ఏమిటి? దేన్ని పొగుడుతున్నారు, దేన్ని తెగడుతున్నారు? ఏ యుక్తితో నిలబెడుతున్నారు? ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి అని వాటి పేర్లు. పేర్లు గుర్తుండకపోయినా ఫరవాలేదు. ఈ సెక్షన్‌కు ఇంతకన్నా పనికొచ్చే పద్ధతి నాకు ఏ గైడులోనూ కనిపించలేదు. ముఖ్యంగా ఎత్తుగడనూ ముగింపునూ కలిపి చూడటం, పొగడ్తనూ తెగడ్తనూ గుర్తించడం. ఈ రెండూ వచ్చినవారికి ప్రధాన భావం అడిగే ప్రశ్న తేలికైపోతుంది.

ఇంకొకటి కూడా అక్కడి నుంచే వచ్చింది. పూర్వపక్షం, సిద్ధాంతం. శాస్త్రకారులు ముందు ఎదుటివాడి వాదాన్ని బలంగా చెప్పి, తర్వాత తమది చెబుతారు. ఈ ప్యాసేజీలు రాసే ప్రొఫెసర్లు కూడా అదే చేస్తారు. రెండో పేరా అంతా వేరొకరి అభిప్రాయం, మూడో పేరాలో "అయితే" అన్న మాటతో మలుపు తిరుగుతుంది. తొందరలో ఉన్న విద్యార్థి ఆ పూర్వపక్షాన్నే సిద్ధాంతమనుకుని జవాబు గుర్తిస్తాడు. చదివేటప్పుడు ప్రతి వాక్యం దగ్గరా "ఇది ఎవరి మాట?" అని అడుగుతూ ఉండండి.

ఇప్పుడు ఒక చిన్న ఉదాహరణ. పెద్దవాళ్లు కూడా పాల్గొనాలని తెలుగులో నేనే రాసి తెచ్చాను. నెమ్మదిగా చదువుతాను, వినండి.

"ఏటికొప్పాక బొమ్మను గాజు బీరువాలో పెట్టిన మ్యూజియం దాన్ని కాపాడిందని అందరూ అంటారు. ఆ మాట అబద్ధం కాదు. అంకుడు కర్ర పుచ్చలేదు, లక్క రంగు వెలిసిపోలేదు. అయితే ఆ బొమ్మ చేసిన మనిషి దాన్ని చూసుకోవడానికి చేయలేదు. పసివాడు నోట్లో పెట్టుకోవడానికి, నేలకేసి కొట్టడానికి, చక్రం ఊడితే ఏడవడానికి చేశాడు. విరిగిన బొమ్మ బదులు ఇంకొకటి కావలసి వచ్చేది కనుకనే కర్రను తిప్పి చెక్కే తరిమెన ఆగకుండా తిరిగింది. విరగని బొమ్మ ఉన్న ఇంటికి రెండో బొమ్మతో పని లేదు. మ్యూజియం కర్రను దాచింది, రంగును దాచింది. ఆట మాత్రం బీరువా బయటే ఉండిపోయింది."

రచయిత ప్రధానంగా చెబుతున్నదేమిటి? నాలుగు జవాబులిస్తాను. ఒకటి, మ్యూజియాలు జానపద కళలను నాశనం చేస్తున్నాయి. రెండు, అంకుడు కర్ర బొమ్మలను సరిగ్గా భద్రపరిస్తే చాలాకాలం ఉంటాయి. మూడు, వస్తువును దాచినంత మాత్రాన దాని వాడుకను దాచినట్లు కాదు. నాలుగు, సహజమైన లక్క రంగులు వాడతారు కనుక ఏటికొప్పాక బొమ్మలు పసిపిల్లలకు సురక్షితం.

చేతులెత్తండి. నాలుగుకు కూడా కొన్ని చేతులు లేచాయి. లేపినవారు బాధపడకండి, ఈ సభ పెట్టిందే మీ కోసం. ఆ బొమ్మలకు సహజమైన రంగులు వాడతారన్నది మనందరం విన్న సంగతే, నిజం కూడా. పైగా నోట్లో పెట్టుకోవడం అన్న మాట ప్యాసేజీలో వినపడింది. ఈ రెండూ కలిసి మిమ్మల్ని అటు లాగాయి. కానీ రంగు సురక్షితమని ఆ రచయిత ఎక్కడా అనలేదు. లోకంలో నిజమైనది ప్యాసేజీలో ఉండాలన్న నియమం లేదు. రెండోది ప్యాసేజీలో ఉన్నదానికి దగ్గరగానే ఉంది, అయితే అది ఆయన ఒప్పుకున్న మాట, వాదం కాదు. "ఆ మాట అబద్ధం కాదు" అని పక్కకు పెట్టేశాడు. మొదటిది చూడండి. ఆయనకు మ్యూజియంపై అసంతృప్తి ఉంది, నిజమే. కానీ నాశనం చేస్తున్నాయనేంత కోపం ఆ గొంతులో ఉందా? లేదు. మూడోది ఎత్తుగడను, ముగింపును కలిపే మాట. కాపాడిందన్న మాటతో మొదలుపెట్టి, ఏది కాపాడింది, ఏది కాపాడలేదు అన్నచోట ముగించాడు.

ఇప్పుడు కష్టమైన రకం. ఒక ప్రభుత్వం మ్యూజియం కట్టే బదులు అంగన్‌వాడీలకు ఏటా ఈ బొమ్మలు కొని ఇస్తే ఈ రచయిత ఏమంటాడు? సంతోషిస్తాడు. పిల్లలు విరగ్గొడతారు, మళ్లీ కొనాలి, తరిమెన తిరుగుతుంది. అదే ప్రభుత్వం సభలకు వచ్చిన అతిథులకు జ్ఞాపికలుగా ఇస్తే? అమ్మకాలు పెరుగుతాయి, చేసేవారికి డబ్బు వస్తుంది. అయినా ఆయన మనసు కుదుటపడదు, ఎందుకంటే బొమ్మ మళ్లీ ఒక బీరువాలోకే వెళ్లింది. మీకు జ్ఞాపికల ఆలోచన నచ్చవచ్చు, నాకూ నచ్చుతుంది. ప్రశ్న మన గురించి కాదు. రచయిత దారిని ప్యాసేజీ దాటి ముందుకు పొడిగించే ఇటువంటి ప్రశ్నలు సుమారు 40 శాతం ఉంటాయి. పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునేవీ ఇవే.

మన మెదక్ ప్రాంతపు కొలిచాలలో పుట్టిన మల్లినాథసూరి కావ్యాలకు వ్యాఖ్యానం రాసేముందు ఒక మాట ఇచ్చాడు. మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అన్నాడు. దాన్ని ఒక చీటీ మీద రాసి మీ బల్ల ముందు అంటించుకోండి. జవాబు గుర్తించే ముందు, దీనికి మూలం ఏ వాక్యంలో ఉందో వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే అది మీ ఊహ.

సాధన ఎలా చేయాలో చెబుతాను. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి సైన్సులో దిట్ట, కార్స్‌లో మాత్రం నెలల తరబడి అదే స్కోరు దగ్గర ఆగిపోయింది. రోజుకు ఆరేడు ప్యాసేజీలు చేసేది. నేను రెండుకు తగ్గించాను. చదివిన ప్రతి ప్యాసేజీనీ తెనాలిలో ఉన్న వాళ్ల అమ్మమ్మకు ఫోనులో తెలుగులో చెప్పమన్నాను. మొదటిరోజు ఒక పాత భవనం గురించిన ప్యాసేజీ. ఆ అమ్మాయి స్తంభాల గురించి, కిటికీల గురించి ఐదు నిమిషాలు చెప్పింది. అమ్మమ్మ అంతా విని, "అంటే ఆ రాసినాయన ఆ కట్టడం బాగుందంటున్నాడా, బాగాలేదంటున్నాడా?" అని అడిగారు. అమ్మాయి దగ్గర జవాబు లేదు. మళ్లీ చదివి, పావుగంట తర్వాత ఫోను చేసి, "కట్టినవాళ్ల నైపుణ్యం బాగుంది కానీ అందులో ఉండబోయే మనుషుల గురించి ఆలోచించలేదంటున్నాడు అమ్మమ్మా" అని చెప్పింది. ఆ అమ్మమ్మ ఎనిమిదో తరగతితో చదువు ఆపారు. నేను అన్ని నెలలు పాఠాలు చెప్పినా వేయలేకపోయిన ప్రశ్న ఆవిడ వేశారు.

తెలుగులోనే ఎందుకంటే, ఇంగ్లీషులో అడిగితే ఈ పిల్లలు ప్యాసేజీలోని మాటలనే అటూ ఇటూ మార్చి అప్పజెబుతారు. వినడానికి బాగుంటుంది, అర్థమైందో లేదో మనకూ తెలియదు, వాళ్లకూ తెలియదు. తెలుగులో చెప్పాలంటే ఆ మాటలు చేతిలో ఉండవు. భావం దొరికితేనే నోరు పెగులుతుంది. వచ్చీరాని తెలుగైనా సరే, తప్పులు దిద్దకండి. రోజూ భోజనాల దగ్గర ఒక వ్యాసం తీసుకుని, ముందు రాసినవారి వాదాన్ని ఒక్క వాక్యంలో చెప్పించండి. తర్వాత, దాన్ని కాదనేవారు ఏమంటారో చెప్పించండి. మీ పిల్లల అభిప్రాయం అన్నిటికన్నా చివర అడగండి.

ఇక తప్పుల నోటుబుక్కు. ప్యాసేజీ చేయడానికి పది నిమిషాలు పడితే, సరిచూసుకోవడానికి ఇరవై పట్టాలి. సరైన జవాబు ఎందుకు సరైనదో అందరూ రాసుకుంటారు. మీరు గుర్తించిన తప్పు జవాబు ఆ క్షణంలో మీకు ఎందుకు నచ్చిందో రాయండి. బయట తెలిసిన నిజమా? పూర్వపక్షమా? రచయిత కన్నా గట్టిగా అన్న మాటా? నాలుగు వారాలు తిరిగేసరికి ఒకే కారణం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అది మీ సొంత బలహీనత, దానికి మందు మీ నోటుబుక్కులో తప్ప ఎక్కడా దొరకదు. పరీక్ష నిర్వహించే సంస్థ అమ్మే కార్స్ ప్రశ్నల సెట్లను చివరి రెండు నెలలకు దాచుకోండి. బయటివాళ్లు తయారుచేసిన వాటిలో మెలికలు వేరుగా ఉంటాయి, వాటితో మొదలుపెట్టవచ్చు, వాటితో ముగించకండి. తప్పు జవాబుకు మార్కులు పోవు కనుక ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ స్కోరు నెలలో పెరగదు. ఒక వారం రెండు పాయింట్లు ఎక్కి మరుసటి వారం దిగుతుంది. ప్రతి ప్రాక్టీసు పరీక్ష తర్వాత "ఎంత వచ్చింది?" అని అడగకండి. "ఈ రోజు దేని గురించి చదివావు?" అని అడగండి. ఆ పిల్లలు చెబుతుంటే మధ్యలో అడ్డురాకుండా వినండి.

ఇప్పుడు మీ కుర్చీల మీద పెట్టిన కాగితాలు తీసుకోండి. అందులో ఇంగ్లీషులో ఒక ప్యాసేజీ ఉంది, పాత నాటకాలను ఈనాటి దుస్తుల్లో వేయడం గురించి. నాలుగు నిమిషాలు చదవండి, పెన్ను ముట్టుకోకండి. తర్వాత కాగితం తిరగేసి, పక్కనున్న మీ అమ్మకో నాన్నకో తెలుగులో చెప్పండి. అమ్మలూ, నాన్నలూ, మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఇంతకీ ఆ రాసినాయన బాగుందంటున్నాడా, బాగాలేదంటున్నాడా?" సమయం చూస్తున్నాను. మొదలుపెట్టండి.