థెరపిస్ట్ పెట్టిన జబ్బు పేరు మీకు సరిపోవట్లేదా?

[తెర మీద: శీర్షిక. తర్వాత వ్యాఖ్యాత నేరుగా కెమెరాతో]

"మీది బైపోలార్ టైప్ 2 అనుకుంటున్నాను" అన్నారు థెరపిస్ట్. అంటే మూడ్ కుంగుబాటుకూ అతి హుషారుకూ మధ్య మారే జబ్బు. మీకేమో అది కాదనిపిస్తోంది. ఇలాంటప్పుడు కొందరు అక్కడ తలూపేసి, తర్వాతి సెషన్ నుంచి వెళ్లడం మానేస్తారు. ఇంకొందరు "కాదండీ, నాది ఏడీహెచ్‌డీ" (ధ్యాస నిలవని సమస్య) అంటూ మరో పేరు పట్టుకుని వాదనకు దిగుతారు. ఎలా చేసినా తేలేదేమీ ఉండదు. పేరు సంగతి కాసేపు పక్కన పెట్టి, ఏ లక్షణాలను బట్టి ఆ పేరు పెట్టారో అడగండి. తేడా ఎక్కడుందో అక్కడే బయటపడుతుంది.

ముందు, ఈ పేర్లు ఎలా పెడతారో చూద్దాం.

[తెర మీద: డీఎస్ఎం, ఐసీడీ పక్కపక్కన]

డిప్రెషన్‌నో బైపోలార్‌నో తేల్చి చెప్పే రక్తపరీక్ష గానీ, స్కానింగ్ గానీ లేదు. మీరు చెప్పింది, ఎదురుగా కూర్చున్నవాళ్లు గమనించింది, వీలైతే ఇంట్లోవాళ్లు చెప్పింది, ఇవన్నీ ఒక ప్రామాణిక జాబితాతో పోల్చి చూస్తారు. ఎక్కువగా వాడే జాబితాలు రెండు. ఒకటి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వారి డీఎస్ఎం. దాని ఐదో కూర్పు 2013లో, ఆ కూర్పుకు సవరణ 2022లో వచ్చాయి. రెండోది ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐసీడీ. దాని 11వ కూర్పు 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఈ రెండూ అన్నిచోట్లా కలవవు. ఐసీడీ-11లో, తీవ్రమైన ఆఘాతాల తర్వాత వచ్చే కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అని విడిగా ఒక జబ్బు ఉంది, డీఎస్ఎంలో లేదు. కాబట్టి ఇద్దరు నిపుణులు ఒకే మనిషిని చూసి, ఇద్దరూ పొరపాటు పడకుండానే, చెరో పేరు పెట్టే వీలుంది.

డీఎస్ఎం-5 తయారీలో ఒకే పేషెంటును ఇద్దరు విడివిడిగా చూస్తే మాట ఎంతవరకు కలుస్తుందో కొలిచారు. కప్పా అనే ఆ కొలతలో 1 అంటే పూర్తిగా కలిసినట్టు, 0 అంటే గాలివాటంగా కలిసినంతే. పీటీఎస్‌డీకి 0.67 వచ్చింది. అందరికీ తెలిసిన డిప్రెషన్‌కు 0.28! నిపుణులకే అలా ఉంటే, మీకు సందేహం రావడంలో విడ్డూరమేముంది?

అలాగని సందేహం వచ్చిందంటే మీ మాటే నిజమనీ అనుకోవద్దు. మేనియాలోనో (హద్దు దాటిన హుషారు), సైకోసిస్‌లోనో (లేనివి నిజమనిపించే స్థితి) ఉన్నప్పుడు "నాకేం లేదు, బాగానే ఉన్నాను" అనిపించడం ఆ స్థితిలో భాగమే. పైగా కొన్ని పేర్లకు లోకంలో చెడ్డపేరుంది కాబట్టి వినగానే మనసు ఒప్పుకోదు. నచ్చకపోవడం వేరు, సరిపోకపోవడం వేరు. ఈ రెండింటినీ విడదీయాలంటే లక్షణాల దగ్గరికే వెళ్లాలి.

[తెర మీద: "నిద్ర తగ్గింది" అన్న మాట పెద్ద అక్షరాల్లో]

ఇందాకటి బైపోలార్ టైప్ 2నే తీసుకుందాం. దానికి డిప్రెషన్‌తో పాటు ఒక్కసారైనా హైపోమేనియా వచ్చి ఉండాలి. అంటే మామూలుకు భిన్నమైన హుషారు లేదా చిరాకు, దాంతోపాటు పెరిగిన శక్తి, వరుసగా కనీసం 4 రోజులు, రోజులో ఎక్కువ భాగం ఉండాలి. వీటికి తోడు కనీసం 3 లక్షణాలు కావాలి. హుషారు లేకుండా చిరాకే ఉంటే 4. ఆ మార్పు పక్కవాళ్లకు కూడా కనిపించాలి.

ఇప్పుడు మీరు "ఆ వారం నిద్ర బాగా తగ్గిందండీ" అన్నారనుకోండి. 3 గంటలే పడుకుని, తెల్లారేసరికి అలుపన్నది లేకుండా లేచారా? అయితే అది హైపోమేనియా లెక్కలోకి వస్తుంది. పడుకుందామని దొర్లి దొర్లి, నిద్ర పట్టక, మర్నాడంతా ఈడ్చుకుంటూ గడిపారా? అది నిద్రలేమి. యాంగ్జైటీలోనూ ఉంటుంది, డిప్రెషన్‌లోనూ ఉంటుంది. మీ నోటి నుంచి వచ్చింది మాత్రం ఆ ఒక్క మాటే. ఫైల్లో ఏది పడిందో మీకు తెలియదు, కాబట్టి అడగాలి.

దీనికి రెండోవైపూ ఉంది. బైపోలార్ ఉన్నవాళ్లు డాక్టరు దగ్గరికి ఎక్కువగా కుంగిపోయినప్పుడే వస్తారు. హుషారుగా ఉన్న రోజుల్లో వైద్యం అవసరమని ఎవరికనిపిస్తుంది? అందుకే అది ముందు డిప్రెషన్‌గా నమోదవడం మామూలే. అప్పుడు యాంటీడిప్రెసెంట్ ఒక్కటే ఇస్తే కొందరిలో మేనియా రేగవచ్చు. థెరపిస్ట్ పాత హుషారు రోజుల గురించి తరచి తరచి అడిగితే విసుక్కోకండి.

తర్వాతి సెషన్‌కు వట్టి చేతులతో వెళ్లొద్దు. రోజుకో రెండు ముక్కలు రాసిపెట్టుకోండి. ఇలా:

[తెర మీద: చేతిరాతలో]
"మంగళవారం. పడుకుంది 1:30, లేచింది 5. మళ్లీ పడుకోవాలనుంది, పట్టలేదు. మూడ్ పదికి 4. మధ్యాహ్నం మీటింగ్‌లో అరిచాను, గంటకు మామూలయ్యాను. కాఫీ 3."

"మూడ్ మారిపోతుంటుంది" అని వందసార్లు చెప్పడం కంటే ఇలాంటి పద్నాలుగు రోజులు ఎక్కువ చెబుతాయి. గంటలో దిగిపోయే కోపం ఒక దారి చూపిస్తుంది, నాలుగు రోజులు దిగనిది ఇంకో దారి. ఏడీహెచ్‌డీ అని మీకు గట్టిగా అనిపిస్తుంటే, డీఎస్ఎం ప్రకారం కొన్ని లక్షణాలు 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. పాత ప్రోగ్రెస్ కార్డులుంటే పట్టుకెళ్లండి. ఆన్‌లైన్ టెస్టులో వచ్చిన మార్కులు మాత్రం ఆధారం కిందికి రావు. డిప్రెషన్ కోసం వైద్యులు వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల పట్టిక కూడా వడపోతకే. 27కి 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే "ఇంకాస్త లోతుగా చూడాలి" అని అర్థం, అంతే.

థైరాయిడ్, బి12, రక్తహీనత పరీక్షలు చేయించారా? థైరాయిడ్ తగ్గితే డిప్రెషన్‌లా, పెరిగితే యాంగ్జైటీలా కనిపించవచ్చు. గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ అప్నియా ఉంటే పగలు ధ్యాస నిలవదు. స్టెరాయిడ్లు, మద్యం సంగతి దాచకుండా చెప్పండి.

[తెర మీద: అడగాల్సిన ప్రశ్నలు ఒక్కొక్కటిగా]

సెషన్ మొదట్లోనే విషయం ఎత్తండి. చివరి రెండు నిమిషాల్లో ఎత్తితే అది ఎటూ కాకుండా పోతుంది. "మీరు చెప్పినదాని గురించి ఆలోచించాను. కొన్ని నాకు సరిపోవట్లేదు. ఏ లక్షణాలు చూసి అలా అనుకున్నారో ఒక్కొక్కటీ చెబుతారా?" ఆ తర్వాత: "ఇది ఖాయమా, తాత్కాలికమా? ఇంకే జబ్బులు అయ్యుండొచ్చని చూసి పక్కన పెట్టారు?" చివరగా, మా లెక్కలో అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న: "పేరు మారితే చికిత్సలో ఏం మారుతుంది?" డిప్రెషనా యాంగ్జైటీనా అన్న చోట చాలాసార్లు థెరపీ, మందులు దాదాపు అవే ఉంటాయి. అప్పుడు పేరు కోసం అంత పట్టుపట్టక్కర్లేదు. బైపోలారా డిప్రెషనా అన్న చోట మందులే మారిపోతాయి. అక్కడ తేలేదాకా వదలొద్దు.

కారణాలు విప్పి చెబితే, లేదా "సరే, మళ్లీ చూద్దాం" అంటే మంచి సూచన. ఏ లక్షణమూ చూపించకుండా "మీరు ఒప్పుకోకపోవడమే జబ్బు" అని మాట తుంచేస్తే సెకండ్ ఒపీనియన్‌కు వెళ్లండి. జబ్బు నిర్ధారించే అధికారం థెరపిస్టులందరికీ అన్నిచోట్లా ఉండదు కాబట్టి సైకియాట్రిస్ట్ దగ్గరికో, క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికో వెళ్లడం మేలు. వాడుతున్న మందుల చిట్టా ముందే ఇచ్చేయండి. పాత డయాగ్నసిస్ (పెట్టిన జబ్బు పేరు) గురించి మాత్రం "ముందు నా లక్షణాలు వినండి, తర్వాత చెబుతాను" అనండి. దాచమని కాదు, ఆ పేరు చెవిన పడ్డాక వినే తీరు మారుతుంది.

ఈలోగా మందులు మీ అంతట మీరు ఆపొద్దు. ఎస్ఎస్ఆర్ఐలు (ఒక రకం యాంటీడిప్రెసెంట్లు) హఠాత్తుగా మానేస్తే తల తిరగడం, కరెంటు షాకు తగిలినట్టు అనిపించడం జరగవచ్చు. బైపోలార్‌కు ఇచ్చే లిథియం ఉన్నట్టుండి ఆపితే మేనియా తిరగబెట్టే ముప్పుంది. చాలాకాలంగా వాడుతున్న బెంజోడయాజెపైన్లు (ఆందోళనకు, నిద్రకు ఇచ్చే మందులు) అయితే ఫిట్స్ కూడా రావచ్చు. ఇక చనిపోవాలన్న ఆలోచన వస్తున్నా, రెండు మూడు రాత్రులుగా నిద్రే అవసరం లేదనిపిస్తున్నా, ఎవరికీ వినబడని మాటలు వినబడుతున్నా పేరు గొడవ ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ఆఖరుగా ఫైలు. దాని కాపీ అడగండి. చాలా దేశాల్లో అది మీ హక్కు. అందులో రాసింది మీరు చెప్పినదానికి భిన్నంగా ఉంటే, పాతది కొట్టేయమంటే వినకపోవచ్చు గానీ "పేషెంట్ ఏకీభవించలేదు, కారణాలు ఇవి" అని చేర్చమనవచ్చు. ఆ కారణాలు ఒక పేజీ దాటకుండా మీరే రాసి, తేదీ వేసి ఇవ్వండి.