పారే నీళ్ల తొట్టి: జువాలజీ విద్యార్థులతో ఒక మోటారు మెకానిక్ మాటలు

ప్రిన్సిపాల్ సార్‌కి, జువాలజీ మేడమ్‌కి, ముందు వరసలోని పెద్దలకు నమస్కారం. పేరుపేరునా చెబితే నాకిచ్చిన ఇరవై నిమిషాలూ దానికే చాలవు కాబట్టి అందరికీ కలిపి ఒకటే దండం.

నేను బోరు మోటార్లు బాగు చేసుకునేవాణ్ని. చదివింది పదో తరగతి. మీ కారిడార్లో పెట్టిన నాలుగడుగుల గాజు తొట్టి లేకపోతే ఈ మైకు ముందుకు నన్నెవరూ పిలిచేవాళ్లు కాదు. కొండవాగు చేపల కోసం దాన్నెలా కట్టామో చెప్పమన్నారు. కాగితం మీద ఆరు పాయింట్లు రాసుకొచ్చా. ఎన్నిటిదాకా వస్తానో చూద్దాం.

మొదటి పాయింటు ఆక్సిజన్. దానికి ముందు మా వంక సంగతి చెప్పాలి.

మాది భాకరాపేట పక్కన పల్లె, తలకోనకు పోయే దారి. కార్తీకం వానలు తగ్గాక మా వంకలో మోకాలి లోతు నీళ్లు పారేవి. అడుగున రాళ్లకు వేలెడంత చేపలు అంటుకుని ఉండేవి. నీళ్లు మన కాళ్లనే తోసేస్తుంటే అవి మాత్రం కదిలేవి కావు. చెయ్యి పెడితే చటుక్కున జారి ఇంకో రాయిని పట్టుకునేవి. మేము రాయిచేప అనేవాళ్లం. మేడమ్ చూపించిన బొమ్మను బట్టి అది గర్రా జాతిది. గడ్డం కింద మెత్తటి పలక ఒకటి ఉంటుంది, దాంతో పట్టు నిలుపుకుంటుంది. నోరు కిందివైపుకి తిరిగి ఉంటుంది, రాతిమీది పాచి గీక్కుని తింటుంది.

నేనూ మా తమ్ముడూ తుండుగుడ్డ పరిచి ఐదు చేపలు పట్టాం. హార్లిక్స్ సీసాలో వంక నీళ్లే పోసి ఇంటికి తెచ్చాం. మా అవ్వ చూసి, "వంకలో వదిలేసి రాండ్రా, సీసాలో దానికి ఊపిరాడదు" అంది. వింటామా? పొద్దున లేచేసరికి ఐదూ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. "నిండా నీళ్లే ఉన్నాయి కదన్నా" అని తమ్ముడు ఏడ్చాడు. వాడి ప్రశ్నకు జవాబు తెలియడానికి నాకు ముప్ఫై ఏళ్లు పట్టింది.

నీళ్లున్నాయి, పారకం లేదు. అంతే. లీటరు మంచినీళ్లలో 20 డిగ్రీల దగ్గర తొమ్మిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. అది కూడా నీటి పైభాగం కదిలి గాలి లోపలికి దిగుతుంటేనే. సీసా మూతి ఎంత? ఐదు చేపలు రాత్రంతా పీలిస్తే ఏం మిగులుతుంది? గుండ్రటి గాజు బౌలులో చేపను పెట్టి అమ్మే అంగళ్లను చూస్తే నాకు ఆ సీసానే గుర్తొస్తుంది. "ఏం కాదన్నా, వారానికోసారి నీళ్లు మార్చు" అంటాడు కొట్టువాడు. ఏం కాదట!

సరే, పైపుల దగ్గరికొస్తా. ఇది నా సబ్జెక్టు కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

మామూలు తొట్టిలో మోటారును ఒక మూల తగిలిస్తారు. నీళ్లు అక్కడక్కడే సుడి తిరుగుతాయి, ఏటిలాగా ఒకవైపుకి పారవు. దీనికి విదేశాల్లో హాబీవాళ్లు కనిపెట్టిన ఏర్పాటు ఒకటుంది, రివర్ మానిఫోల్డ్ అంటారు. తొట్టి అడుగున రెండు పీవీసీ పైపులు పొడవునా పరిచాం. రెంటికీ ఒక చివర ఎల్బో పెట్టి పైకి లేపి స్పాంజ్ తొడిగాం. రెండో చివర కూడా పైకి లేపి మోటారు సక్షన్‌కు, అంటే నీళ్లు లాగే మూతికి, బిగించాం. పైపుల మీద గులకరాళ్లు కప్పేశాం. మోటారు అటు చివర స్పాంజ్‌లోంచి నీళ్లు లాగి ఇటు చివర తొట్టిలోకి కొడుతుంది. కొట్టిన నీళ్లకు మళ్లీ స్పాంజ్ దగ్గరికి పోవడం తప్ప వేరే దారి లేదు. పైన ఏరు పారుతుంది, కింద పైపు తిరుగుదారి. బోరు బావిలో ముప్ఫై ఏళ్లు పనిచేసినా ఇంత చక్కటి ఆలోచన నాకు రాలేదు, ఒప్పుకుంటా.

తొట్టిలో సుమారు 240 లీటర్లు పడతాయి. మోటారు ఒక్కోటి గంటకు 1500 లీటర్లు, రెండున్నాయి. అంటే మొత్తం నీళ్లు గంటకు పన్నెండు సార్లు తిరగాలి. అది డబ్బా మీద రాసిన లెక్క. ఎల్బో పెరిగిన కొద్దీ, స్పాంజ్ మురికిపట్టిన కొద్దీ తగ్గుతుంది. అందుకే వారానికోసారి స్పాంజ్ పిండాలి, అదీ తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే. కుళాయి కింద పెడితే క్లోరిన్‌కు అందులోని బ్యాక్టీరియా చస్తుంది. చేప వదిలే అమ్మోనియా అనే విషాన్ని విరగ్గొట్టేది ఆ బ్యాక్టీరియానే. అది కుదురుకోవడానికి నెల పైనే పట్టింది, అందాకా చేపలు వదలలేదు. మీలో కొందరు రోజూ వచ్చి "ఖాళీ తొట్టికి మోటారెందుకన్నా" అని నవ్వారు. గుర్తుంది నాకు.

రాళ్ల గురించి ఒక్క మాట. ఎవరో కడప బండ ముక్కలు తెచ్చి అందంగా ఉంటాయన్నారు. అది సున్నపురాయి. యాసిడ్ చుక్క వేస్తే బుసబుసమని పొంగుతుంది, నీళ్లలో మెల్లగా కరిగి కాఠిన్యం పెంచుతుంది. వద్దన్నాను. నునుపైన గుండ్రాళ్లు తెచ్చి, బక్కెట్లో నీళ్లు పోసి మిద్దెమీద ఎండలో రెండు వారాలు పెట్టాం. పచ్చగా పాచి పట్టింది. చేపకు అదే అన్నం. ఇంట్లోవాళ్లు కడిగేయకుండా కాపలా కాయాల్సి వచ్చింది.

మూడో పాయింటో నాలుగోదో, కాగితం చూడను. ఇది చెప్పకపోతే ఇంటికెళ్లి నిద్రపట్టదు.

ఇలాంటి తొట్టి మొదట మా ఇంట్లో కట్టుకున్నా. మే నెల. మన తిరుపతి ఎండ తెలుసు కదా, నలభై దాటింది. మదనపల్లెలో పెళ్లికి పోయాం. ఆ సాయంత్రం మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. తిరిగొచ్చేసరికి రాత్రి పదకొండు. హాల్లో ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది. తొట్టి మాత్రం చప్పుడు లేకుండా ఉంది. చేపలన్నీ నీటి పైకొచ్చి నోళ్లు తెరుచుకుని వరసగా ఉన్నాయి. మగ్గుతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ కూర్చున్నా. కరెంటు తెల్లారుజామున వచ్చింది. పదకొండు చేపల్లో మూడు మిగిలాయి.

ఊళ్లో ఎవరి మోటారు ఆగినా అర్ధరాత్రి పరిగెత్తేవాణ్ని. నా ఫ్యానుకు ఇన్వర్టర్ వైరు లాగుకున్నా, నా చేపల మోటారుకు లాగలేదు. నాలుగు మీటర్ల వైరు, అంతే.

మేడమ్, మంచినీళ్లు కొంచెం ఇలా ఇవ్వండి.

వెనక బెంచీ నాయనా, నువ్వే, మొన్న తలకోన నుంచి చేపలు పట్టుకొస్తానన్నావు. తేవద్దు. అది శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు, 1989 నుంచి. అక్కడ చేప పట్టినా నేరమే. అక్కడి వంకలు వేసవిలో గుంటలుగా విడిపోతాయి. ఆ గుంటల్లో మిగిలిన నాలుగు చేపలే వచ్చే వానలకు మళ్లీ వంక నింపాలి. చేప కావాలంటే తొట్టిలో పెంచి పిల్లలు పెట్టించినవాళ్ల దగ్గర కొనండి.

మిగతా పాయింట్లకు టైము లేదని మేడమ్ గడియారం చూపిస్తున్నారు. వేసవిలో నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పండి, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ప్లగ్గు వైరును ఒక మెలిక కిందికి వేలాడదీసి పైకి తీసుకెళ్లండి, చుక్క సాకెట్లోకి పోదు. నీళ్లలో చెయ్యి పెట్టేముందు స్విచ్ తీయండి, తర్వాత మళ్లీ వేయడం మరచిపోవద్దు.

ఇప్పుడు కారిడార్లోకి పోదాం. పదేసి మంది రండి, గాజు మీద కొట్టకండి. అటెండర్ అన్నను మెయిన్ స్విచ్ ఒక్క నిమిషం దించమని చెప్పా. కరెంటు పోగానే బ్యాటరీ పంపు దానంతటదే అందుకోవాలి. అది మీ అందరి ముందూ ఒకసారి చూడాలి నాకు.