పొరుగువారి ప్రార్థన కోసం పెట్టిన సంతకాలు

సభకు నమస్కారం.

అమెరికాలో మతస్వేచ్ఛ ఎలా వచ్చిందని ఇక్కడ చదువుకునే మన పిల్లలను అడిగితే బడిలో విన్న కథ చెబుతారు. ఇంగ్లండులో వేధింపులు భరించలేక కొందరు భక్తులు ఓడలెక్కి వచ్చారని, ఈ గడ్డ మీద అందరికీ స్వేచ్ఛ ఇచ్చారని. మొదటి సగం నిజం, రెండో సగం కాదు. మసాచుసెట్స్‌లో స్థిరపడిన ప్యూరిటన్లు తమ పద్ధతిలో దేవుణ్ణి కొలిచే స్వేచ్ఛ కోరుకున్నారు. ఆ పద్ధతి ఒప్పుకోనివారికి తమ మధ్య చోటివ్వలేదు. మనిషి విశ్వాసం మీద ప్రభుత్వానికి అధికారం లేదని వాదించిన రోజర్ విలియమ్స్‌కు 1635లో బహిష్కార శిక్ష వేశారు. నడిశీతాకాలంలో పారిపోయిన ఆయనను ఆదరించి నిలువ నీడ ఇచ్చింది ఆదివాసులు. నారగాన్సెట్ తెగ పెద్దలు ఇచ్చిన నేల మీదే 1636లో ప్రావిడెన్స్ వెలిసింది. క్రైస్తవంలోని క్వేకర్ శాఖకు చెందిన మేరీ డయ్యర్‌ను 1660లో బోస్టన్‌లో ఉరితీశారు. వెళ్ళగొట్టిన ఊరికి ఆమె తిరిగి రావడమే నేరం.

మరి స్వేచ్ఛ ఎవరి వల్ల వచ్చింది? నా దృష్టిలో, తమకు జరగని అన్యాయానికి అడ్డు నిలిచినవారి వల్ల వచ్చింది. జైలుకు వెళ్ళినా, దయగా ఇస్తామన్నది వద్దని హక్కుగానే అడిగినవారి వల్ల వచ్చింది.

1657 నాటి సంగతి ఒకటి కొంచెం వివరంగా చెబుతాను. న్యూయార్క్ అప్పటికి డచ్చివారి చేతిలో ఉంది. పాలకుడు పీటర్ స్టైవెసాంట్. డచ్ రిఫార్మ్డ్ చర్చి తప్ప మరే శాఖ బహిరంగంగా ఆరాధన జరపకూడదన్నది ఆయన పట్టుదల. 1654లో బ్రెజిల్ నుంచి వచ్చిన యూదులను సైతం వెళ్ళగొట్టాలని చూశాడు, అయితే ఆ వలసను నడిపే డచ్ వెస్టిండియా కంపెనీ ఒప్పుకోలేదు. తర్వాత క్వేకర్ల వంతు వచ్చింది. వాళ్ళను ఇంట్లో ఒక్క రాత్రి ఉంచుకున్నా భారీ జరిమానా అని చాటించాడు.

నేడు న్యూయార్క్ నగరంలో కలిసిపోయిన ఫ్లషింగ్ అనే చిన్న ఊరి ప్రజలు దీన్ని అంగీకరించలేదు. డిసెంబరు 27న ముప్పై మంది ఒక మహజరు రాసి సంతకాలు చేశారు. రాయడం రానివారు గుర్తులు పెట్టారు. మతం పేరిట మనుషులపై చేయి చేసుకోలేమని, ప్రేమతో వచ్చినవారికి తమ ఊరూ ఇళ్ళూ తెరిచే ఉంటాయని అందులో ఉంది. హాలెండులో ప్రేమ, శాంతి, స్వేచ్ఛ యూదులకూ తురుష్కులకూ ఈజిప్షియన్లకూ వర్తిస్తాయని, ఎందుకంటే వాళ్ళూ ఆదాము బిడ్డలేనని కూడా ఉంది. సంతకాలు చేసినవారిలో ఒక్కరూ క్వేకరు కాదని చరిత్రకారులు చెబుతారు. ఈ మాట నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. వాళ్ళు నోరు మెదపకుండా ఉంటే వాళ్ళకు పోయేదేమీ లేదు. సంతకం పెడితేనే ప్రమాదం.

ఆ ప్రమాదం రానే వచ్చింది. మహజరును తీసుకెళ్ళిన ఊరి అధికారి టోబియాస్ ఫీక్‌నూ, దాన్ని రాసిన గుమాస్తా ఎడ్వర్డ్ హార్ట్‌నూ, మరో ఇద్దరు న్యాయాధికారులనూ బంధించారు. కొందరు క్షమాపణ రాసిచ్చి బయటపడ్డారు. వాళ్ళను పిరికివారని అనడానికి నాకు నోరు రాదు. భార్యాబిడ్డలున్న మనుషులు, చలికాలపు చెర.

వాళ్ళు వదిలిన చోట జాన్ బౌన్ అనే రైతు అందుకున్నాడు. క్వేకర్లు తన ఇంట్లో సమావేశమయ్యేందుకు చోటిచ్చినందుకు 1662లో ఆయనను పట్టుకున్నారు. జరిమానా కట్టనన్నాడు. ఓడ ఎక్కించి దేశం దాటించారు. ఆయన ఆమ్‌స్టర్‌డామ్ చేరి ఆ కంపెనీ పెద్దల ముందే తన వాదన వినిపించాడు. మనుషుల అంతరాత్మలనైనా సంకెళ్ళు లేకుండా వదిలేయమని 1663లో కంపెనీ స్టైవెసాంట్‌కు ఉత్తరం రాసింది. వలస వచ్చేవారు తగ్గితే వ్యాపారం దెబ్బతింటుందన్న లెక్క కూడా ఆ ఉత్తరంలో ఉంది, దాన్ని దాచనక్కర లేదు. బౌన్ తిరిగి ఇంటికి వచ్చాడు. ఆ ఇల్లు నేటికీ నిలిచి ఉంది, ఆ వీధికి ఆ కుటుంబం పేరే. 1977లో ప్రతిష్ఠ జరిగిన గణపతి ఆలయం, మీలో చాలామంది కొబ్బరికాయ కొట్టిన ఆలయం, ఆ బౌన్ వీధిలోనే ఉంది.

ఇక వర్జీనియా. అక్కడ ఇంగ్లండు చర్చి అధికార మతం. దాన్ని పోషించడానికి అందరూ పన్ను కట్టాలి. అనుమతిపత్రం లేకుండా బోధించిన బాప్టిస్టు బోధకులను 1760ల చివరి నుంచి జైళ్ళలో పెట్టారు. వాళ్ళు జైలు కిటికీ ఊచల వెనక నుంచే బోధించేవారు, జనం బయట నిలబడి వినేవారు. తన పక్క కౌంటీలో ఐదారుగురు మంచి మనుషులు జైల్లో మగ్గుతున్నారని తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన జేమ్స్ మాడిసన్ 1774లో ఒక మిత్రుడికి ఆవేదనతో రాశాడు. అప్పటికి ఆయనకు ఇరవై మూడేళ్ళు కూడా నిండలేదు. మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలకు వచ్చి బడులూ ఆసుపత్రులూ కట్టిన అమెరికన్ బాప్టిస్టులు ఈ సంప్రదాయంలోంచి వచ్చినవారే.

స్వాతంత్ర్యం వచ్చాక 1784లో వర్జీనియా నాయకుడు ప్యాట్రిక్ హెన్రీ ఒక బిల్లుకు మద్దతుగా నిలిచాడు. క్రైస్తవ బోధకుల కోసం పన్ను వసూలు చేస్తారు, ఎవరి పన్ను ఏ చర్చికి వెళ్ళాలో వారే చెప్పుకోవచ్చు. వినడానికి ఎంత ఉదారంగా ఉందో చూడండి. జార్జ్ వాషింగ్టన్‌కు కూడా ఆ ఆలోచనలో పెద్ద తప్పు కనిపించలేదు. మాడిసన్ మాత్రం 1785లో పేరు లేకుండా ఒక విజ్ఞప్తి రాసి ఊరూరా తిప్పించాడు. ఒక మతాన్ని నిలబెట్టడానికి మూడు పెన్నీలు బలవంతంగా తీసుకోగల ప్రభుత్వం రేపు ఏ శాఖకైనా లొంగమని బలవంతపెట్టగలదన్నది ఆయన వాదన. ఆయన విజ్ఞప్తి కంటే, సువార్త స్ఫూర్తికే ఈ పన్ను విరుద్ధమన్న మరో మహజరుకు ఎక్కువ సంతకాలు వచ్చాయి. చర్చికి డబ్బు వద్దన్నది చర్చికి వెళ్ళేవారే!

బిల్లు వీగిపోయింది. 1786 జనవరిలో థామస్ జెఫర్సన్ రాసిన మతస్వేచ్ఛా చట్టాన్ని వర్జీనియా ఆమోదించింది. పీఠికలో ఏసుక్రీస్తు పేరు చేర్చాలని కొందరు పట్టుబడితే సభ తిరస్కరించిందని, యూదుడికీ క్రైస్తవుడికీ మహమ్మదీయుడికీ హిందువుకీ నమ్మకం లేనివాడికీ రక్షణ ఉండాలన్నదే సభ ఉద్దేశమని జెఫర్సన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఈ దేశంలో ఒక్క దేవాలయమైనా లేని కాలంలో హిందువును ఆ జాబితాలో చేర్చారు.

అధికార మతాన్ని నెలకొల్పకూడదంటూ 1791లో అమెరికా రాజ్యాంగానికి వచ్చిన మొదటి సవరణ కేంద్ర ప్రభుత్వాన్నే కట్టడి చేసింది, రాష్ట్రాలను కాదు. కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులు తమకున్న స్వేచ్ఛ హక్కుగా కాక పెద్దల దయగా దక్కుతోందని 1801లో కూడా, అప్పటికి అధ్యక్షుడైన జెఫర్సన్‌కు మొరపెట్టుకున్నారు. కనెక్టికట్ 1818లో అధికార మతాన్ని వదిలింది, మసాచుసెట్స్ 1833లో. పన్ను పోతే భక్తి పోతుందని బెంగపడిన కనెక్టికట్ బోధకుడు లైమన్ బీచర్, తమ రాష్ట్రానికి జరిగిన అత్యుత్తమమైన మేలు అదేనని తర్వాత ఒప్పుకున్నాడు. సొంత కాళ్ళ మీద నిలబడాల్సి వచ్చిన చర్చీలు అంతకుముందు కంటే చురుకుగా ఎదిగాయి.

ఇదంతా చెప్పి ఇక్కడ ఆపితే అన్యాయం చేసినవాణ్ణవుతాను. బాప్తిస్మం తీసుకున్నా బానిస బానిసేనని 1667లో వర్జీనియా చట్టం చేసింది. ఆఫ్రికాలో పండితుడైన ఒమర్ ఇబ్న్ సయ్యద్ అనే ముస్లిం 1807లో బానిసగా ఇక్కడికి వచ్చాడు. 1831లో అరబ్బీలో తన కథ రాసుకున్నాడు. అప్పటికీ బానిసే. రోజర్ విలియమ్స్‌కు నీడనిచ్చిన ఆదివాసుల విషయమైతే మరీ ఘోరం. వాళ్ళ నృత్యాలనూ క్రతువులనూ శిక్షించదగ్గ నేరాలుగా 1883లో ప్రభుత్వం నియమాలు రాసింది. వాళ్ళ మతాచారాలను కాపాడతామని అమెరికా కాంగ్రెస్ తీర్మానించింది 1978లో. సముద్రం దాటి వచ్చిన మనం గుడి కట్టుకున్న ఏడాది తర్వాత.