పాడి రైతుల ఫోన్-ఇన్: మూత్రం ఎర్రబడని పిడుదు జబ్బు

యాంకర్: నమస్కారం. ఈ రోజు విషయం పిడుదులతో వచ్చే అనాప్లాస్మా జబ్బు. పశువైద్యులు డాక్టర్ గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాలర్, హలో?

కాలర్ (మిర్యాలగూడ దగ్గరి పల్లె): హలో... నమస్తే సార్. వినపడుతోందా?

యాంకర్: వినపడుతోంది. రేడియో సౌండ్ తగ్గించండి.

కాలర్: తగ్గించాను సార్. నాకో హెచ్ఎఫ్ అనే పాల జాతి ఆవుంది. కర్ణాటక పోయి తెచ్చాను. మా బామ్మర్ది వద్దంటూనే ఉన్నాడు, నేనే వినలేదు. లారీ కిరాయే ఎంతయిందంటే...

డాక్టర్: ఆవుకేమైందో చెప్పండి.

కాలర్: అదే చెప్తున్నా సార్. రెండో ఈత. పూటకు పది లీటర్లిచ్చేది. పది రోజుల కింద మేత మానేసింది, పాలు రెండు లీటర్లకు పడిపోయాయి. పేడ గట్టిగా, పైన జిగట. జ్వరం వచ్చి తగ్గింది. ఊళ్లో సూదులేసే ఆయన బలానికి ఒకటి వేశాడు. నిన్న కంటి రెప్ప విప్పి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది, కొంచెం పసుపు కూడా.

డాక్టర్: ఒంటి మీద గోమార్లు, అదే పిడుదులు, ఉన్నాయా? మూత్రం రంగేంటి?

కాలర్: పొదుగు దగ్గర, చెవుల్లో గోమార్లు బాగా ఉన్నాయి. మూత్రం మామూలే సార్, అదే ధైర్యం. పిడుదు జబ్బయితే కాఫీలా రావాలి కదా!

డాక్టర్: అందరూ అక్కడే మోసపోతారు. కాఫీ రంగు వచ్చేది పిడుదులతోనే వచ్చే బబీసియా అనే ఇంకో జబ్బులో. ఆ పరాన్నజీవి ఎర్రరక్తకణంలో పెరిగి, దాన్ని రక్తనాళంలోనే పగలగొట్టుకుని బయటికొస్తుంది. ఆ ఎరుపంతా మూత్రంలోకి దిగుతుంది. అనాప్లాస్మా బ్యాక్టీరియా, దీని పద్ధతి వేరు. తన ఒంటి మీది ప్రోటీన్లతో కణం పైపొరకు అతుక్కుంటుంది. ఆ పొర గుంటపడి, దీన్ని చిన్న సంచిలా చుట్టి లోపలికి తీసుకుంటుంది. ఆ సంచిలోనే ఒకటి రెండై, నాలుగై, ఎనిమిదవుతుంది. మళ్లీ కణాన్ని పగలగొట్టకుండానే బయటపడి ఇంకో కణంలో దూరుతుంది.

కాలర్: కణం పగలకపోతే రక్తం ఎందుకు తగ్గుతుంది సార్?

డాక్టర్: మంచి మాట అడిగారు. ప్లీహం రక్తానికి జల్లెడ లాంటిది. క్రిమి పట్టిన కణాల్ని అది ఏరి పారేస్తుంది. ఒక్కోసారి వాటితోపాటు మంచివీ పోతాయి. అందుకే రెప్ప పాలిపోవడం, పచ్చబడడం.

కాలర్: అంటే మూత్రం ఎర్రగా లేదు కాబట్టి ఫర్వాలేదంటారు.

డాక్టర్: అయ్యో, ఇంతసేపు చెప్పిందేంటండీ! మూత్రం చూసి ధైర్యపడొద్దు, రెప్ప చూడండి. చెవి కొస నుంచి రక్తం చుక్క తీసి స్లైడ్ చేయించండి. 1910లో దక్షిణాఫ్రికాలో థైలర్ అనే ఆయన దీన్ని కణం అంచున చుక్కలా చూసి, అంచున ఉంటుందని మార్జినేల్ అని పేరు పెట్టాడు. ఇప్పటికీ స్లైడ్‌లో అలాగే కనిపిస్తుంది. జబ్బు తేలితే ఆక్సిటెట్రాసైక్లిన్ గానీ ఇమిడోకార్బ్ గానీ, బరువు చూసి డాక్టరే వేయాలి.

కాలర్: రేపు తోలుకుపోతాను సార్, నాలుగు కిలోమీటర్లే.

డాక్టర్: వద్దు, నడిపించొద్దు! రక్తం లేని పశువు దారిలోనే కూలిపోతుంది. 1962 నంబరుకి ఫోన్ చేయండి, పశువైద్యం బండి ఇంటికొస్తుంది. అవునూ, ఆ బలం సూది ఇంకెవరికైనా వేశారా?

కాలర్: మా రెండు గేదెలకూ వేయించాను సార్, దాంతోనే.

డాక్టర్: ఆవుకు పొడిచిన సూదితోనా? పిడుదు చేసే పనే మనం చేసినట్టు! పశువుకో సూది వాడాలి. జబ్బు బయటపడడానికి మూడు నాలుగు వారాలు, ఒక్కోసారి రెండు నెలలు పడుతుంది. ఆ గేదెలకు రోజూ జ్వరం చూడండి.

కాలర్: ఇంకొక్క మాట సార్, మా బామ్మర్ది...

యాంకర్: ధన్యవాదాలండీ. తర్వాతి కాలర్, నంద్యాల.

కాలర్: ఒంగోలు జాతికి ఈ జబ్బు రాదంటారు, నిజమేనా?

డాక్టర్: రాదని కాదు. నాటు జాతికి పిడుదులు తక్కువ పడతాయి, జబ్బునూ బాగా తట్టుకుంటాయి. దూడలకైతే తేలిగ్గా పోతుంది, రెండేళ్లు దాటిన సంకర ఆవులకే ప్రాణం మీదికొస్తుంది. తేరుకున్న పశువు రక్తంలో మాత్రం క్రిమి చాలాకాలం, ఒక్కోసారి జీవితాంతం ఉంటుంది. అక్కడి నుంచి పక్కదానికి. అందుకే పశువుకో సూది...

యాంకర్: చెప్పారు సార్. మరో కాలర్, హలో?

కాలర్: ఆ పాలు తాగితే పిల్లలకు వస్తుందా మేడమ్?

డాక్టర్: ఇది మనుషులకు రాదమ్మా. సూది మందు వేశాక డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ పాలు వాడొద్దు, అంతే.

యాంకర్: ఇంకొకరు ఉన్నారు. హలో, జగిత్యాల?

కాలర్: గోమార్లకు కిరోసిన్ పూయొచ్చా సార్?

డాక్టర్: చర్మం కాలిపోతుందయ్యా. మందు కొట్టాల్సింది పశువుకొక్కదానికే కాదు, కొట్టం గోడల పగుళ్లకు కూడా. ఒక్క ఆడ పిడుదు కిందపడి రెండు మూడు వేల గుడ్లు పెడుతుంది. మందు నీళ్లు ఎంత కలపాలో...

యాంకర్: సార్, అర నిమిషమే ఉంది. మిర్యాలగూడ ఆయన మళ్లీ లైన్‌లోకొచ్చారు. చెప్పండి?

కాలర్: ఆ బండి నంబరు రాసుకోలేదు సార్.

డాక్టర్: ఒకటి, తొమ్మిది, ఆరు, రెండు. ఇప్పుడే చేయండి, రేపటిదాకా ఆగొద్దు.